చేతిలో ఫోను, బల్లమీద రైలు, మధ్యలో గాలి

ఫోను తెర మీద వేలు జరిపితే కదలాల్సిన నమూనా రైలు ఉన్నట్టుండి మాట వినదు. వైఫై బలం చాలడం లేదనుకుని పెద్ద రూటర్ కొంటారు. అయినా వినదు. లోపం ఎక్కడుందో చాలాసార్లు ఆ రైలే చెబుతుంది.

ఫోనుతో రైలు నడపడం స్మార్ట్‌ఫోన్ల కాలంలో పుట్టిన ముచ్చట అనుకుంటాం. కాదు. 1950ల చివర్లోనే అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు ఆ పని చేశారు. బిల్డింగ్ 20 అనే పాత చెక్క కట్టడంలో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేలు, స్విచ్చులు తెచ్చి అక్కడి బల్ల కింద బిగించారు. పైన పట్టాలు, కొండలు, స్టేషన్లు. టెలిఫోన్‌కుండే గుండ్రటి డయల్ తిప్పి, ఏ పట్టాల ముక్క తమ అధీనంలోకి రావాలో చెప్పేవారు. ఆ బల్ల కింద పాకిన కుర్రాళ్లలో కొందరు తర్వాత కంప్యూటర్ల చరిత్రకెక్కారు. స్టీవెన్ లెవీ 1984లో రాసిన ‘హ్యాకర్స్’ పుస్తకం మొదలయ్యేది వాళ్లతోనే.

వాళ్ల డయల్‌కూ రైలుకూ మధ్య రాగి తీగ ఉండేది. తీగ తెగితే ఎక్కడ తెగిందో పరీక్షించి పట్టుకునేవారు. ఇవాళ అదే అభిరుచి ఉన్నవాళ్లు జేబులోంచి ఫోను తీసి, తెర మీద వేలు పైకి జరిపి ఇంజిన్‌ను కదిలిస్తున్నారు. మధ్యలో ఉన్నది గాలి. అది ఎక్కడ తెగిందో కంటికి కనబడదు. అందుకే ప్రతి లోపాన్నీ ‘వైఫై సరిగా లేదు’ అనే ఒక్క మాట కింద తోసేస్తుంటారు. నా అభిప్రాయంలో ఈ అభిరుచికి జరుగుతున్న పెద్ద నష్టం ఆ ఒక్క మాటే. వైఫై బలం నిజంగా తక్కువైన సందర్భాలు ఉన్నాయి. కానీ ఎక్కువసార్లు ఫోనూ రూటరూ తమను దేనికోసం తయారుచేశారో ఆ పని చక్కగా చేస్తుంటాయి. అవి తయారైంది ఇంటర్నెట్ కోసం. రైలుకు కావలసింది వేరు.

నేలమాళిగలో ఒక రైల్వే డివిజన్

నమూనా రైళ్లంటే పిల్లలు కీ ఇచ్చి వదిలే బొమ్మలే అనుకోకండి. జర్మనీలోని గోపింగెన్ పట్టణానికి చెందిన మెర్క్లిన్ సంస్థ 1859 నాటిది. 1891లో లైప్‌జిగ్ సంతలో అది పట్టాల వెడల్పులకు నిర్ణీత కొలతలు ప్రకటించింది. అప్పటి నుంచి బొమ్మ రైలుకు అసలు రైలు క్రమశిక్షణ వచ్చింది. ఇవాళ ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలతలో ప్రతి వస్తువూ అసలుదానిలో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియాటూర్ వుండర్‌లాండ్ చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళతారు. మన దేశంలో ఈ కళను దగ్గరగా చూడాలంటే పుణెలోని కోత్రూడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది.

అమెరికాలో ఈ అభిరుచికి చిరునామా ఇంటి కింద ఉండే నేలమాళిగ. చలికాలమంతా అక్కడే కూర్చుని పట్టాలు అతుకుతారు, ప్లాస్టర్‌తో కొండలు పోస్తారు. పని పూర్తయ్యాక మిత్రులను పిలిచి ‘ఆపరేటింగ్ సెషన్’ జరుపుతారు. ఒకరు డిస్పాచర్, ఒకరు యార్డు మాస్టర్, తక్కినవాళ్లు లోకో పైలట్లు. టైంటేబుల్ ఉంటుంది. ఏ గూడ్సు బండి ఏ ఫ్యాక్టరీ సైడింగ్‌లో ఏ వ్యాగన్ వదలాలో చీటీ రాసి ఉంటుంది. పైలట్ తన రైలు వెంట గది చుట్టూ నడుస్తాడు. పూర్వం అతని చేతిలో తీగతో ఉన్న చిన్న పెట్టె ఉండేది. పది అడుగులు నడిచాక ఒక సాకెట్‌లోంచి ఊడదీసి, ఇంకోదాంట్లో గుచ్చుకోవాలి. ఫోను వచ్చాక ఆ బాధ పోయింది. కొత్తగా వచ్చిన అతిథి కూడా తన ఫోనులో ఉచితంగా దొరికే ఆప్ వేసుకుని అరగంటలో రైలు నడుపుతాడు. మనవరాలు తాతయ్య రైలును తన ఫోనుతో నడపగలగడం చిన్న సంగతి కాదు. ఆ ఆనందం తెగిపోకుండా ఉండాలంటే లోపాన్ని సరిగ్గా గుర్తుపట్టాలి.

ఇరవై అక్షరాల ప్రయాణం

వేలు జరిపినప్పుడు ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఫోనులోని ఆప్, ఉదాహరణకు ఆండ్రాయిడ్‌లో ‘ఇంజిన్ డ్రైవర్’, ఐఫోన్‌లో ‘వైథ్రాటిల్’, ఒక చిన్న సందేశం రాస్తుంది. ఫలానా నంబరు ఇంజిన్, ఫలానా వేగం. అది గాలిలో రూటర్‌కు చేరుతుంది. రూటర్ దాన్ని ఒక కంప్యూటర్‌కు అందిస్తుంది. అక్కడ చాలామంది వాడేది జేఎంఆర్‌ఐ అనే సాఫ్ట్‌వేర్. దాన్నుంచి కమాండ్ స్టేషన్ అనే పెట్టెకు, అక్కణ్నుంచి పట్టాల్లోకి, పట్టాల నుంచి చక్రాల ద్వారా ఇంజిన్ పొట్టలో ఉన్న డీకోడర్‌కు.

పట్టాల మీద మాట్లాడే భాషను డీసీసీ అంటారు. 1980ల్లో జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతి దానికి పునాది. 1935లో పుట్టిన అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దాన్ని 1990ల్లో ప్రమాణంగా స్థిరపరిచింది. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. దాని దిశ మారే వ్యవధిలో ఆజ్ఞ దాగి ఉంటుంది. 58 మైక్రోసెకన్లకోసారి మారితే ఒకటి, 100 మైక్రోసెకన్లు గానీ అంతకుమించి గానీ పడితే సున్నా. ఒకే పట్టాల మీద పది ఇంజిన్లున్నా, ప్రతిదీ తన నంబరు విన్నప్పుడే స్పందిస్తుంది.

జేఎంఆర్‌ఐ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్లాలి. అభిరుచి కొద్దీ కొందరు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అది. బర్కిలీ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ జాకబ్‌సన్ దాని కోసం కోర్టుకెక్కారు. ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రామ్‌కు కూడా షరతులుంటాయని, వాటిని మీరితే కాపీహక్కు చట్టం వర్తిస్తుందని 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఓపెన్ సోర్స్ ప్రపంచం మొత్తం ఇవాళ నిలబడి ఉన్న తీర్పుల్లో అదొకటి. బొమ్మ రైళ్ల వాళ్లు ప్రపంచానికి ఇచ్చిన కానుకగా దాన్ని గుర్తుంచుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. ఒక వేగపు ఆజ్ఞ ఇరవై అక్షరాలు కూడా ఉండదు. అదే వైఫై మీద అదే గదిలో సినిమా హాయిగా ఆడుతుంది. సినిమా ఆడిన చోట ఇరవై అక్షరాలు ఎందుకు ఇరుక్కుంటాయి?

సినిమా ముందుగానే దాచుకుంటుంది కాబట్టి. తెర మీద ఇప్పుడు కనిపిస్తున్న దృశ్యం కొన్ని సెకన్ల కిందటే వచ్చి ఫోనులో కూర్చుంది. మధ్యలో రెండు మూడు సెకన్లు గాలి తెగినా మనకు తెలియదు. రైలుకు ఆ నిల్వ లేదు. మీరు ఇప్పుడు ‘ఆగు’ అంటే ఇప్పుడే ఆగాలి. అందుకే ఇంటర్నెట్ వేగాన్ని కొలిచే పరీక్షలో వచ్చే పెద్ద పెద్ద అంకెలు నమూనా రైలు విషయంలో ఏమీ చెప్పవు. రైలుకు గాలిలో చాలా సన్నని దారం చాలు, కానీ అది ఒక్క క్షణం కూడా తెగకూడదు.

మాట తెగితే రైలు పరుగెడుతుంది

కొత్తవాళ్లకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. వైఫై తెగిందని రైలు దానంతట అది ఆగదు. కమాండ్ స్టేషన్ చివరగా విన్న వేగాన్ని పదేపదే పట్టాల్లోకి పంపిస్తూనే ఉంటుంది. ఫోను చచ్చిపోయినా బండి అదే వేగంతో పోతుంది. పైలట్ కంగారుగా తెర నొక్కుతుంటే, ఎదురుగా వంతెన మీద ఇంకో బండి వస్తుంటుంది.

దీనికి విరుగుడుగానే ‘హార్ట్‌బీట్’ పెట్టారు. ఫోను కొద్ది సెకన్లకోసారి తాను బతికే ఉన్నానని జేఎంఆర్‌ఐకి చెబుతుండాలి. సాధారణంగా 10 సెకన్ల గడువు. ఆలోపు కబురు రాకపోతే ఆ ఫోను నడుపుతున్న ఇంజిన్లను జేఎంఆర్‌ఐ ఆపేస్తుంది. అసలు రైళ్లలోనూ ఇలాంటిదే ఉంది. మన లోకోల్లోని విజిలెన్స్ కంట్రోల్ డివైస్ 60 సెకన్ల పాటు పైలట్ ఏ మీటా కదపకపోతే ముందు దీపం వెలిగిస్తుంది, తర్వాత శబ్దం చేస్తుంది, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకులు వేస్తుంది.

10 సెకన్లు చాలా తక్కువ అనిపించవచ్చు. లెక్క వేసి చూడండి. అసలు రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగానికి సమానంగా హెచ్‌ఓ బండిని నడిపితే అది సెకనుకు 19 సెంటీమీటర్లు పోతుంది. పది సెకన్లలో దాదాపు రెండు మీటర్లు. బల్ల అంచుకు ఒక మీటరు దూరంలో ఉన్న ఇంజిన్‌కు హార్ట్‌బీట్ వల్ల లాభం లేదు. అయినా దాన్ని ఆపేయకూడదు. రైలు ఊరికే ఆగిపోతోందని విసుగెత్తి కొందరు ఆ అమరికను తీసేస్తారు. జ్వరం చూపించే థర్మామీటర్‌ను పగలగొట్టినట్టే అది. లోపం అలాగే ఉంటుంది, దాన్ని చెప్పే గొంతు పోతుంది.

రైలును చూడండి, తర్వాత రూటర్‌ను

ఇక్కడే అసలు కిటుకు ఉంది. రైలు ఎలా మొరాయించిందో చూస్తే గొలుసులో ఏ లంకె జారిందో సగం తెలిసిపోతుంది.

ఇంజిన్ ఆగింది, దాని ముందు దీపం కూడా ఆరింది. వేలితో కొద్దిగా కదిపితే మళ్లీ బయల్దేరింది. ఇది వైఫై కాదు. చక్రానికి కరెంటు అందలేదు. పట్టాల మీద మకిలి, చక్రాలకు పట్టిన నల్లటి పొర, లేదా వదులైన అతుకు. మెత్తని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే తీరిపోయే జబ్బుకు కొత్త రూటర్ కొన్నవాళ్లు ఎంతమందో.

ఇంజిన్ ఆగింది, దీపం వెలుగుతూనే ఉంది. అంటే పట్టాల్లో కరెంటు ఉంది, ఎవరో ఆగమన్నారు. చాలావరకు అది హార్ట్‌బీట్ తీసుకున్న నిర్ణయం. ఇప్పుడు ఫోను వైపు చూడాలి. రైలు ఆగలేదు, మీ మాటా వినలేదు, అదే వేగంతో పోతోంది. మాట దారిలో ఎక్కడో చిక్కుకుంది, గడువు ఇంకా తీరలేదు. పక్కవాళ్ల ఫోను కూడా పనిచేయకపోతే రూటర్, కంప్యూటర్, కమాండ్ స్టేషన్లలో వెతకాలి. వాళ్లది పనిచేస్తుంటే మీ ఫోనులోనే ఉంది తంటా.

ఇంకో లక్షణం ఉంది, చాలామందిని తికమక పెట్టేది. వేలు జరిపితే మూడు సెకన్లు ఏమీ కాదు. మళ్లీ జరుపుతారు, ఇంకాస్త జరుపుతారు. ఒక్కసారిగా బండి ఎగిరి దూకుతుంది. ఈ ఆప్‌లు మాట్లాడే వైథ్రాటిల్ పద్ధతి టీసీపీ అనే నెట్‌వర్క్ నియమం మీద నడుస్తుంది. అందులో ఒక సందేశం పోతే మళ్లీ పంపుతారు, అది చేరేదాకా వెనక ఉన్నవి వరసలో నిలబడతాయి. చేరగానే అన్నీ కలిసి లోపలికి వస్తాయి. ఆస్ట్రియా సంస్థ రోకో తెచ్చిన జెడ్21 అనే కమాండ్ స్టేషన్ మాత్రం యూడీపీ అనే మరో నియమం వాడుతుంది. అందులో పోయిన సందేశం పోయినట్టే, వరస ఉండదు. కాబట్టి అక్కడ దూకుడు కనిపించదు, మధ్యమధ్యలో ఒక ఆజ్ఞ మాయమైనట్టు కనిపిస్తుంది. రెంటికీ మూలం ఒకటే, గాలిలో రద్దీ. లక్షణాలు మాత్రం వేరు.

మూడు తలుపుల గది

రద్దీ అనగానే 2.4 గిగాహెర్ట్జ్ గురించి చెప్పుకోవాలి. ఈ రైళ్లకు వాడే చౌక వైఫై చిప్పులు, ముఖ్యంగా ఈఎస్‌పీ8266, ఆ ఒక్క పట్టీలోనే మాట్లాడగలవు. బ్లూటూత్ కూడా అక్కడే. మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే. పేరుకు పదకొండు నుంచి పదమూడు చానళ్లున్నా, ఒక్కోటి పక్కవాటి మీదికి పొర్లుతుంది. ఒకదానితో ఒకటి తగలకుండా ఉండేవి మూడే: 1, 6, 11.

వైఫై మర్యాద తెలిసిన భాష. ప్రతి పరికరం ముందు చెవి ఒగ్గి వింటుంది, ఎవరూ మాట్లాడనప్పుడే నోరు విప్పుతుంది. అందుకే పక్కింటి రూటర్ 6లో ఉంటే మీరూ 6లో ఉండటం అంత ప్రమాదం కాదు. ఒకరి మాట ఒకరికి వినబడుతుంది, వంతులు వేసుకుంటారు. తెలివిగా మధ్యలో ఖాళీగా ఉందని 3 లేదా 4 ఎంచుకుంటేనే చేటు. అప్పుడు మీ మాట వాళ్లకు మాటలా కాకుండా గోలలా వినిపిస్తుంది. వాళ్లది మీకూ అంతే. ఎవరూ ఆగరు, ఇద్దరి మాటలూ చెడతాయి. చానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ పెట్టుకోవడం ఇంకా చెడ్డది. ఇరవై అక్షరాల కోసం అంత జాగా ఆక్రమించుకుని, అంత జాగాలోని గోలనూ నెత్తిన వేసుకోవడం. 20 చాలు.

కంప్యూటర్‌ను కూడా వైఫై మీదే ఉంచడం మరో సామాన్యమైన పొరపాటు. ఫోను నుంచి రూటర్‌కు ఒకసారి, రూటర్ నుంచి కంప్యూటర్‌కు ఇంకోసారి, ప్రతి ఆజ్ఞా గాలిని రెండుసార్లు దాటుతుంది. కంప్యూటర్‌కు ఒక కేబుల్ గుచ్చితే సగం గండం తప్పుతుంది. ఇంత చవకైన మందు ఈ వ్యాధికి మరొకటి లేదు.

కొండలు అడ్డమొస్తే? ఇది నమూనా రైళ్లకే ప్రత్యేకమైన చిక్కు, అందుకే నాకు ఇష్టమైనది కూడా. కొండలు చేయడానికి పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి, కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీని వంచి, దాని మీద ప్లాస్టర్ పూయడం. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. జాలీ కన్నులు అంతకంటే చాలా చిన్నవి. కాబట్టి ఆ తరంగానికి అది దాదాపు ఇనుప రేకులాగే అడ్డుపడుతుంది. రూటర్‌ను తీగలతోపాటు బల్ల కింద దాచేస్తే, అందమైన పర్వతశ్రేణి మొత్తం దానికి కప్పు అవుతుంది. గది నిండా నిలబడ్డ మనుషులూ అంతే. మన ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే, నీరు ఈ తరంగాలను పీల్చేస్తుంది. రూటర్‌ను తల ఎత్తు కన్నా పైన, గోడకో పైకప్పుకో తగిలిస్తే జాలీ, జనం రెండు సమస్యలూ కొంత తీరుతాయి. బయట కొన్నది కాకుండా ఆర్డుయినోతో సొంతంగా డీసీసీ-ఈఎక్స్ అనే కమాండ్ స్టేషన్ కట్టుకున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. వైఫై చిప్ ప్రసారం చేసే క్షణంలో 300 మిల్లీ ఆంపియర్ల దాకా గుంజుతుంది. బలహీనమైన అడాప్టర్ ఆ క్షణంలో తడబడితే చిప్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. పైకి చూస్తే వైఫై పోయినట్టే ఉంటుంది, అసలు పోయింది కరెంటు.

ఫోను మంచి మనసు

ఇప్పుడు ఫోను సంగతి. నా దృష్టిలో సగం కేసులు ఇక్కడే తేలతాయి.

రైళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టిన వైఫైకి ఇంటర్నెట్ ఉండదు. ఉండనక్కర్లేదు. కానీ ఫోను ఏదైనా వైఫైలో చేరగానే ముందు ఇంటర్నెట్ ఉందో లేదో ఒక సర్వర్‌ను పలకరించి చూస్తుంది. జవాబు రాకపోతే, ఈ వైఫై పనికిరాదని తేల్చుకుని, మీకు మేలు చేయాలని మొబైల్ డేటాకు మారిపోతుంది. లేదా ఇంటి వైఫైకి తిరిగి వెళ్లిపోతుంది. తెర మీద సిగ్నల్ గుర్తు నిండుగానే ఉంటుంది. మీ ఆజ్ఞలు మాత్రం సెల్ టవర్ వైపు వెళ్లి ఎక్కడా చేరకుండా పోతాయి. ‘ఇంటర్నెట్ లేదు, అయినా కొనసాగాలా’ అని ఫోను అడిగినప్పుడు అవునని చెప్పాలి, మళ్లీ అడగవద్దని టిక్కు పెట్టాలి. దానికంటే ఖాయమైన దారి, రైలు నడిపినంతసేపు మొబైల్ డేటా ఆపేయడం. ఇంటి వైఫైకి ఆటోమేటిక్‌గా చేరే అమరికను తీసేయడం.

బ్యాటరీ పొదుపు రెండో మంచి గుణం. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, ఫోన్లు పక్కన పెడితే గాఢంగా నిద్రపోవడం నేర్చుకున్నాయి. తెర ఆరితే వెనక ఉన్న ఆప్‌ల నోరు నొక్కేస్తాయి. హార్ట్‌బీట్ పంపాల్సిన ఆప్ కూడా నిద్రపోతుంది, పది సెకన్లలో రైలు ఆగుతుంది. రైలు ఆప్‌కు బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు ఇచ్చి, తెర ఆరకుండా పెట్టుకోవాలి. ఐఫోన్ వాళ్లకు ఇంకొకటి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, గదిలోని ఇతర పరికరాలతో మాట్లాడటానికి ప్రతి ఆప్‌కూ ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి కావాలి. మొదటిసారి అడిగినప్పుడు తొందరలో వద్దు అని నొక్కితే ఆ ఆప్‌కు రైలు ఎప్పటికీ కనిపించదు. మళ్లీ అడగదు. సెట్టింగుల్లోకి వెళ్లి మనమే ఇవ్వాలి.

‘సర్వర్ దొరకలేదు’ అని ఆప్ చెప్పినప్పుడు సగంమంది అక్కడే ఆశ వదులుకుంటారు. వెతకడం వేరు, మాట్లాడటం వేరు. వెతికేటప్పుడు ఆప్ గదిలో ఉన్న అందరినీ ఒకేసారి పిలుస్తుంది. అలా అందరికీ ఇచ్చే కేకను కొన్ని రూటర్లు మింగేస్తాయి. కానీ సర్వర్ చిరునామా చేత్తో కొడితే చక్కగా కలుస్తుంది. జేఎంఆర్‌ఐలో మామూలుగా పోర్టు 12090, డీసీసీ-ఈఎక్స్‌కు 2560. ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా వచ్చేలా రూటర్‌లో రిజర్వ్ చేసి, ఆ అంకెలను ఒక అట్టమీద రాసి గోడకు అంటించాలి. అప్పటికీ కలవకపోతే రెండు అనుమానాలు మిగులుతాయి. ఒకటి, విండోస్ ఫైర్‌వాల్ ఈ వైఫైని బయటి నెట్‌వర్క్‌గా లెక్కగట్టి తలుపు వేసింది. రెండు, అతిథులకోసం ఇచ్చిన ‘గెస్ట్’ వైఫైలో మీరు చేరారు. గెస్ట్ వైఫై ఉద్దేశమే ఒక అతిథి ఇంకొకరిని చూడకుండా గోడలు కట్టడం. అందులోంచి ఇంటర్నెట్ దొరుకుతుంది, రైలు దొరకదు.

అన్నిటికీ కలిపి ఒకే మందు చెప్పమంటే, రైలుకు సొంత రూటర్ పెట్టమంటాను. పాతది, చిన్నది, ఇంట్లో మూలన పడేసినది చాలు. ఇంటర్నెట్ తీగ దానికి తగిలించవద్దు. పేరు వేరు, చానల్ 1, 6, 11ల్లో గోల తక్కువున్నది, ఆటోమేటిక్ చానల్ ఎంపిక బందు. లేకపోతే ఆట మధ్యలో రూటర్‌కే బుద్ధి పుట్టి చానల్ మారిపోతుంది, అందరి రైళ్లూ ఒకేసారి ఆగుతాయి. ఎన్ని ఫోన్లను మోయగలదో కూడా చూసుకోవాలి. డిజిట్రాక్స్ సంస్థ వారి ఎల్‌ఎన్‌డబ్ల్యూఐ అనే వైఫై పెట్టె ఒక్కోటి నాలుగు ఫోన్లకే. ఐదో మనిషి ఎంత ప్రయత్నించినా చేరలేడు, అది సిగ్నల్ లోపం కాదు.

ప్రదర్శనల్లో, పెద్ద రైళ్లలో

ఇంట్లో నెలల తరబడి బంగారంలా నడిచిన లేఅవుట్ ప్రదర్శనశాలలో మొదటి గంటలోనే చేతులెత్తేస్తుంది. హాల్లోకి వందలమంది వస్తారు, ప్రతి జేబులో ఒక ఫోను, కొన్ని ఫోన్లలో హాట్‌స్పాట్ తెరిచి ఉంటుంది. ప్రతి హాట్‌స్పాటూ సెకనుకు దాదాపు పదిసార్లు తాను ఉన్నానని చాటుతుంది. ఆ చాటింపు మామూలుగా అతి నెమ్మదైన వేగంలో సాగుతుంది, కాబట్టి గాలిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. ఎవరూ ఏమీ డౌన్‌లోడ్ చేయకపోయినా గాలి నిండిపోతుంది.

ఇది బొమ్మ రైళ్ల కష్టం మాత్రమే కాదు. 2012 నవంబరులో చైనాలోని షెన్‌జెన్ మెట్రోలో రైళ్లు పదేపదే అత్యవసరంగా ఆగిపోయాయి. ఆ సిగ్నల్ వ్యవస్థ 2.4 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడేది. ప్రయాణికుల సంచుల్లోని చిన్న వైఫై పెట్టెలే దానికి అడ్డుపడ్డాయని తేల్చారు. రైళ్లు ఢీకొనలేదు. మాట తెగగానే ఆగాయి.

రైళ్లు ఢీకొనకుండా ఆపే మన కవచ్ వ్యవస్థది వేరే దారి. లోకోకూ స్టేషన్‌కూ మధ్య రైల్వేకు ప్రత్యేకంగా కేటాయించిన యూహెచ్‌ఎఫ్ రేడియో, పట్టాల మధ్య ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు. దాని తొలి పరీక్షలు జరిగింది దక్షిణ మధ్య రైల్వేలోనే, లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలో. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రెండు లోకోలను ఒకే పట్టా మీద ఎదురెదురుగా నడిపారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి ఉన్నారు. 380 మీటర్ల ఎడంలో కవచ్ దానంతట అదే బండిని ఆపింది. పెద్ద రైలుకు సొంత గాలి కేటాయించారు. చిన్న రైలుకు మనం సొంత రూటర్ అయినా ఇవ్వగలం.

సింగపూర్ చార్టు

లోపాన్ని వెతికే విద్యలో నాకు తెలిసిన అత్యుత్తమ పాఠం సింగపూర్ సర్కిల్ లైన్‌ది. 2016 ఆగస్టు నుంచి అక్కడ డ్రైవర్ లేని మెట్రో రైళ్లు ఉన్నట్టుండి సిగ్నల్ పోగొట్టుకుని బ్రేకులు వేసుకునేవి. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. ఒకసారి ఈ బండి, ఒకసారి ఆ బండి. ఏ పొంతనా లేదు. సొరంగంలో ఎక్కడో అంతరాయం ఉందని వెతికారు, దొరకలేదు.

నవంబరులో ప్రభుత్వ డేటా నిపుణులు ఆ సంఘటనల పట్టిక తీసుకున్నారు. తేదీ, సమయం, స్థలం, బండి నంబరు, దిశ. సమయం ఒకవైపు, స్టేషన్లు ఒకవైపు పెట్టి గీత గీశారు. మన రైల్వే కంట్రోల్ ఆఫీసుల్లో సెక్షన్ కంట్రోలర్లు గీసే చార్టూ అలాంటిదే. చుక్కలు పెట్టాక కనిపించింది. ఒక బండి ఆగిన కాసేపటికి దాని వెనక బండి, ఆ తర్వాత ఇంకో బండి, చుక్కలన్నీ వాలు గీతగా జరుగుతున్నాయి. రైళ్లు పోయే దిశకు ఎదురుగా. అంటే అంతరాయం ఒక చోట నిలబడి లేదు, ప్రయాణిస్తోంది. ఎదురు పట్టా మీద పోతున్న ఇంకో రైలు అది. వీడియో రికార్డులతో సరిచూస్తే పీవీ46 అనే ఒకే ఒక్క బండి బయటపడింది. దానిలోని చెడిన సిగ్నల్ పరికరం పక్కనుంచి పోయే ప్రతి బండి నోరూ మూయిస్తోంది. తాను మాత్రం నిక్షేపంగా నడుస్తోంది. ఆగిన బండ్లను ఎంత పరీక్షించినా ఏం దొరుకుతుంది?

నమూనా రైళ్ల గదిలో ఒక నోటుబుక్కు వేలాడదీస్తే ఇదే పని జరుగుతుంది. ఏ సమయానికి, ఏ ఇంజిన్, గదిలో ఎక్కడ, ఎవరి ఫోను, దీపం వెలిగిందా ఆరిందా. కొన్ని సెషన్ల తర్వాత ఆ పేజీలను బల్ల పటం మీద చుక్కలుగా పెట్టండి. చుక్కలన్నీ ఒకే పాయింటు దగ్గర చేరితే అక్కడి పట్టా అతుకు చూడాలి. ఒకే ఫోను వెంట తిరిగితే ఆ ఫోను సెట్టింగులు. రోజూ భోజనం వేళకే కనిపిస్తే పై అంతస్తులో వంటగదిలోని మైక్రోవేవ్. కొత్త హార్డ్ డిస్క్ తగిలించిన నాటి నుంచి మొదలైతే కంప్యూటర్ పక్కనున్న యూఎస్‌బీ 3 తీగ, దాని రొద 2.4 గిగాహెర్ట్జ్ మీదికి పొంగుతుందన్నది తెలిసిన విషయమే. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ రాయాలి. మూడు సెట్టింగులు ఒకేసారి మారిస్తే రైలు బాగుపడినా, ఏ మందు పనిచేసిందో తెలియదు.

మన ఊళ్లలో నమూనా రైళ్లు లేని ఇళ్లకు కూడా ఈ పద్ధతి అక్షరాలా వర్తిస్తుంది. గేటు దగ్గరి కెమెరా, ఫోనుతో వెలిగే బల్బు, గీజర్ ప్లగ్గు, వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే బతుకుతాయి. అపార్టుమెంటులో ముప్పై రూటర్లు ఒకే గాలిని పంచుకుంటాయి. కెమెరా పోయిందని కేబుల్ అతనికి ఫోను చేసే ముందు, చానల్ ఏదో, గెస్ట్ వైఫై ఏదో, అడాప్టర్ వెచ్చగా ఉందో కాలిపోతోందో చూసుకోవచ్చు.

పిల్లలకు రైలు ఇచ్చేటప్పుడు ఇంకొక్కటి. తెర మీద వేలు ఎక్కడుందో చూసుకోవాలంటే రైలు మీద నుంచి చూపు తిప్పాలి. ఇంజిన్ డ్రైవర్ ఆప్‌లో ఫోను పక్కనుండే వాల్యూమ్ బటన్లతో వేగం మార్చుకోవచ్చు. వేలికి బటన్ తగులుతుంది, కళ్లు బండి మీదే ఉంటాయి. దాంతోపాటు కమాండ్ స్టేషన్‌కు తీగతో కలిసిన పాత థ్రాటిల్ ఒకటి యార్డు దగ్గర కొక్కేనికి తగిలించి ఉంచాలి, ఎంత మంచి వైఫై ఉన్నా సరే. అత్యవసరంగా ఆపే బటన్ ఏదో గదిలోకి వచ్చిన ప్రతివారికీ మొదట చూపించి, తర్వాతే ఫోనులో ఆప్ వేయించాలి.